మోకాలి కింద జాతీయ వనం

వంట మేస్త్రి గవర్రాజుకి పెళ్ళిళ్ళ సీజనులో ఊపిరి తిప్పుకునే తీరిక ఉండదు. సీజను కానప్పుడు గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, అవీ లేనప్పుడు పెద్దకర్మలు. మనిషి పుట్టినా పోయినా మిగిలినవాళ్ళకి ఆకలి వేస్తుంది కాబట్టి గవర్రాజుకి సెలవన్నదే లేదు. ఆయన వెనకాల తిరిగే భార్య నూకరత్నానికీ లేదు. కూరలు తరిగించడం, పప్పు ఉడికిందో లేదో చూడడం, వడ్డించే కుర్రాళ్ళని అదిలించడం, అన్నీ ఆమే చూసుకునేది, ఒక్కటి తప్ప. నేలలో గాడి తవ్వి పెట్టిన గాడిపొయ్యి వెలిగించడం మాత్రం మేస్త్రి చేతి మీదుగానే జరగాలి. పొయ్యికి పసుపూ కుంకుమా పెట్టి, కర్పూరం బిళ్ళ వెలిగించి, దాంతో మొదటి కట్టె అంటించాలి. ఇంకొకరు అంటిస్తే వంట చెడిపోతుందని ఆయనకి గట్టి నమ్మకం. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా దుప్పటి కప్పుకుని వచ్చి అంటించి పోయాడే గాని, పెళ్ళాం చేతికి అగ్గిపెట్టె ఇచ్చినవాడు కాదు.

రత్నానికి ఆ అగ్గిపెట్టె మీద పెద్ద మోజేమీ లేదు. ఆమె బాధ వేరు.

"నీతో అరకు వొచ్చాను, అరకులో వంటపాక చూశాను. భీమిలి వొచ్చాను, భీమిలిలో వంటపాక చూశాను. సముద్రం పాక వెనకాలే ఉందంట. హోరు వినపడింది," అంది ఒకనాడు ఉల్లిపాయలు తరుగుతూ. కళ్ళలో నీళ్ళు ఉల్లిపాయలవో, సముద్రానివో గవర్రాజుకి తెలియలేదు. అడగడానికి ధైర్యమూ చాలలేదు.

అందుకని ఈసారి మాట ఇచ్చాడు. కొండ దిగువన కూర్మారావుగారి అమ్మాయి పెళ్ళి. ముహూర్తం రాత్రికి, భోజనాలు ముహూర్తానికి ముందే. పెళ్ళివారి ఊరికి పక్కనే జల్లులకోన జాతీయ వనం ఉంది. తెల్లవారగానే లోపలికి వెళితే, గైడు వెంటబెట్టుకుని అడవంతా నడిపించి, మధ్యాహ్నానికి తిరిగి గేటు దగ్గర దింపుతాడు. కూరగాయల పని కుర్రాళ్ళు చూసుకుంటారు. పొద్దు వాలకముందే వచ్చి పొయ్యి అంటిస్తే సరిపోతుంది.

"ఒక్క మాట మేస్త్రీ," అన్నాడు కూర్మారావు బయల్దేరేటప్పుడు. "మగపెళ్ళివారు మంచివాళ్ళే గాని, భోజనం దగ్గర మంచివాళ్ళు కారు. మా పెద్దమ్మాయినీ ఆ ఇంటికే ఇచ్చాం, ఆ పెళ్ళిలో సాంబారు ఆలస్యమైందని విస్తళ్ళ ముందు నించి లేచిపోయారు. నా పరువు నీ గరిటె మీదుంది."

"నేను రానిదే పొయ్యి వెలగదు, పొయ్యి వెలగనిదే నేను ఊరుకోను," అన్నాడు గవర్రాజు. ఆ మాటకు కూర్మారావు గుండె కుదుటపడింది.

జల్లులకోన మామూలు అడవి కాదు, వర్షారణ్యం. చెట్టు మీద చెట్టు మొలిచి, దాని మీద తీగ పాకి, తీగ మీద నాచు పట్టి, ఆ నాచు మీద ఇంకేదో మొలిచి ఉంటుంది. ఇంత అడవీ ఎవరి ఉత్తర్వులూ లేకుండా దానంతట అదే పెరిగిపోయిందన్న సంగతి ఆ వనం డైరెక్టరు సత్యప్రమోదరావుగారిని చాలాకాలం కలవరపెట్టింది. చివరికి ఆయన రాజధానిలో ఏదో సదస్సుకి వెళ్ళి, మూడు పూటలా భోంచేసి, కొత్త విధానంతో తిరిగి వచ్చారు. దాని పేరు సంపూర్ణ యథాతథ విధానం. వనం నుంచి ఏదీ బయటికి పోకూడదు, బయటినుంచి ఏదీ లోపలికి రాకూడదు. అంతకన్నా మంచి మాట ఏముంటుంది? అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ ఆ తర్వాత ఆ గేటు దాటి ఎరగరు.

గేటు దగ్గర కాటా ఉంది. బియ్యం బస్తాలు తూచే కాటా. దాని పక్కన గార్డు సోంబాబు నిలబడి ఉన్నాడు. గైడూ అతనే, గార్డూ అతనే. జీతం మాత్రం ఒకటే.

"ఎక్కండమ్మా. ఎల్లేటప్పుడు కూడా తూత్తాం. ఎక్కువ తూగితే ఏదో అట్టుకుపోతన్నట్టు, తక్కువ తూగితే లోపల ఏదో పారేసినట్టు."

"మరి పొద్దున్న తిన్న ఇడ్లీ?" అంది రత్నం.

"అది మీతోనే రావాలండి. లోపల ఎక్కడా దింపకూడదు," అన్నాడు సోంబాబు గంభీరంగా.

తర్వాత చెప్పుల అడుగున ఉన్న బయటి మట్టిని పళ్ళు తోముకునే బ్రష్షుతో తోమించారు. గవర్రాజు నడుముకి ఎప్పుడూ ఒక చిన్న గుడ్డసంచీ ఉంటుంది, అందులో గుప్పెడు కల్లుప్పు. ఏ ఊళ్ళో ఉప్పు ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి సొంత ఉప్పు లేనిదే ఆయన గుమ్మం దాటడు. సోంబాబు దాన్ని విప్పి చూసి, విచారంగా తల ఊపి, పక్కన పెట్టేశాడు.

"ఉప్పు లోపలికి నిషేధమండీ. ప్రాణులకి హాని."

"నేను దాన్ని మనుషులకి పెడతాను బాబూ."

"మనుషుల గురించి రూల్లో లేదండి," అన్నాడు సోంబాబు.

లోపలికి అడుగుపెట్టగానే రత్నం నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఆకాశం ఎక్కడుందో తెలియని పచ్చదనం. ఎక్కడో పైన పెద్ద పిట్ట ఒకటి రెక్కలు కొట్టుకుంటూ పోతోంది. మానుకి మాను అడ్డం పడి, పడిన మాను మీద పుట్టగొడుగులు గొడుగులు పట్టుకుని నిలబడ్డాయి. ఇన్నేళ్ళూ పొగలో మగ్గిన ఆమె ముక్కుకి తడిమట్టి వాసన తగిలి ప్రాణం లేచివచ్చింది. "అబ్బ, ఎంత బాగుందో," అంది.

"ఇక్కడ కాదమ్మా," అన్నాడు సోంబాబు. "కాస్త ముందుకెళ్తే బోర్డుంటాది."

నిజంగానే ఉంది. ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల అక్షరాలతో 'ఇచ్చట ఆశ్చర్యపడవలెను' అని రాసి ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో 'నిశ్శబ్దముగా'. ముందుగానే ఆశ్చర్యపడిపోయిన రత్నం అక్కడ ఏం చేయాలో తోచక మర్యాదకోసం ఒకసారి కళ్ళు పెద్దవి చేసింది. గవర్రాజు కూడా చేశాడు. సోంబాబు తృప్తిగా ముందుకు నడిపించాడు.

జలపాతం దగ్గర తుంపర మీద పడకుండా దూరంగా నిలబెట్టాడు. నీళ్ళు ఒంటి మీద పట్టుకుపోతే వనసంపద తరలింపు కిందికి వస్తుంది. ఇంతలో వాన పట్టుకుంది. వర్షారణ్యం కదా, దానికి పని అదే. గొడుగులు గేటు దగ్గరే ఉండిపోయాయి. ఇద్దరూ నిలువునా తడిసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. గవర్రాజు పై పంచె తీసి భార్య తల మీద కప్పాడు. ఆయన అలాంటి పని చేసి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తు రాలేదు.

"ఈ వాన పార్కుదండి," అన్నాడు సోంబాబు, తనూ తడుస్తూ. "గేటు దగ్గర పిండేసి ఎల్లాలి."

మధ్యాహ్నం దాటాక గేటు దగ్గరికి చేరారు. రత్నం చీర కుచ్చిళ్ళు పిండింది, గవర్రాజు పంచె పిండాడు. చెప్పులకి అంటిన లోపలి మట్టిని మళ్ళీ బ్రష్షుతో తోమి ఆకుదొన్నెలో పోశారు. రత్నం చెంగుకి అంటుకున్న గడ్డిగింజలు ఏరి లోపలికి విసిరారు. ఇక కాటా ఎక్కి బయట పడడమే తరువాయి అనుకుంటుండగా సోంబాబు వంగి చూసి నిలబడిపోయాడు. గవర్రాజు కుడికాలి పిక్క మీద ఒక జలగ ఉంది. హాయిగా, తీరిగ్గా, బంధువుల ఇంటికి వచ్చినట్టు పట్టుకుని ఉంది.

"అంతేనా," అన్నాడు గవర్రాజు. "ఆ ఉప్పుసంచీ ఇలా ఇవ్వు."

సోంబాబు సంచీని వీపు వెనక దాచుకున్నాడు. "ఉప్పేస్తే అది రాలిపోద్దని మా ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసండి. కానీ వనప్రాణిని హింసించినట్టవుద్ది. కేసు."

"పోనీ, లాగేస్తాను."

"అదీ హింసేనండి."

"అయితే దీంతోనే వెళ్ళిపోతాను. దారిలో అదే రాలిపోద్ది."

"అప్పుడు ప్రాణిని వనం నించి తరలించినట్టవుద్దండి. అది ఇంకా పెద్ద కేసు."

గవర్రాజు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. తియ్యకూడదు, తీసుకుపోకూడదు. "ఇది కడుపు నిండి దిగేదాకా నేను ఇక్కడే ఉండాలా?" అన్నాడు. సోంబాబు డైరెక్టరుగారికి ఫోన్ చేశాడు.

సత్యప్రమోదరావుగారు జీపులో వచ్చారు. ఆయన ముందు గవర్రాజుని చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, జలగని చూశారు. ఆయన ముఖంలో ప్రేమ పొంగింది.

"ఆరోగ్యంగా ఉంది," అన్నారు.

"సార్, సాయంత్రానికి పెళ్ళివంట ఉందండి. నేనెళ్ళి అంటించనిదే పొయ్యి వెలగదు," అన్నాడు గవర్రాజు.

"మీ ఇబ్బందిని శాఖ సానుభూతితో పరిశీలిస్తున్నది. అయితే సంపూర్ణ యథాతథ విధానము ననుసరించి సదరు ప్రాణి వనము వెలుపలికి పోరాదు. మరియు, మీ రక్తము సదరు ప్రాణి ద్వారా వనములో విడిచిపెట్టబడుచున్నది. అనగా బయటి పదార్థము లోపలికి వచ్చుచున్నది. నిబంధనల ప్రకారము మీరు దానిని తిరిగి తీసుకొనిపోవలసి ఉండును."

"జలగ కడుపులోంచా?" అంది రత్నం.

"ఆ అంశముపై పైవారి నుండి స్పష్టత కోరెదము," అన్నారు డైరెక్టరుగారు.

అప్పుడే కూర్మారావు ఫోను. కూరలు తరగడం అయిపోయింది, మగపెళ్ళివారి బస్సు బయల్దేరింది, పొయ్యి చల్లగా ఉంది. "వచ్చేస్తున్నానండి, చిన్న అతిథి వచ్చాడు, సాగనంపి వస్తాను," అన్నాడు గవర్రాజు. జీవితంలో మొదటిసారి ఒక పెళ్ళివారికి అబద్ధంలాంటి మాట చెప్పాడు.

రత్నానికి ఒళ్ళు మండింది. "అయ్యా, మీ జలగ పార్కు దాటకూడదు. మావాడు పెళ్ళికి పోవాల. ఇక మిగిలిందల్లా, మీ పార్కునే మావాడితో పంపించెయ్యండి," అంది విసుగ్గా.

డైరెక్టరుగారు కదలకుండా నిలబడిపోయారు. కోపం వచ్చిందేమోనని సోంబాబు ఒక అడుగు వెనక్కి వేశాడు. కోపం కాదు. అంతటి ఆలోచన తనకి రాకుండా ఒక ఆడమనిషికి వచ్చిందే అన్న అసూయ. అది కూడా క్షణమే. వెంటనే ఆ ఆలోచన ఆయనదే అయిపోయింది.

"రాసుకో," అన్నారు సోంబాబుతో. "ప్రజాహితము దృష్ట్యా, శ్రీ గవర్రాజు యొక్క కుడికాలు, మోకాలికి దిగువనున్న యావత్ ప్రాంతము, జల్లులకోన జాతీయ వనములో అంతర్భాగముగా తక్షణమే ప్రకటించడమైనది. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ఇది అమలులో ఉండును. వన నిబంధనలన్నియు సదరు ప్రాంతమునకు వర్తించును."

సోంబాబు పసుపురంగు పెయింటు డబ్బా తెచ్చి మోకాలి కింద చుట్టూ సరిహద్దు గీశాడు. చక్కిలిగిలికి గవర్రాజు మెలికలు తిరిగిపోయాడు. తర్వాత మోకాలికి చిన్న ఆకుపచ్చ బోర్డు కట్టారు. కాపలాకి సోంబాబునే తోడు పంపారు. ఆ విధంగా జాతీయ వనం రాష్ట్ర చరిత్రలో మొదటిసారిగా తన కాళ్ళ మీద తాను నడిచి బయటికి వచ్చింది.

ఆటో ఎక్కారు. ఎక్కాక తెలిసింది, వనంలో వాహనాలు మెల్లగా పోవాలని, హారన్ కొట్టకూడదని. కాలు ఆటోలో ఉంది, కాలు వనం, కాబట్టి ఆటో వనంలో ఉన్నట్టే అని సోంబాబు వివరించాడు. ఆటోవాడు బుర్ర గోక్కున్నాడు. ఎదురుగా గేదెలొచ్చినా హారన్ కొట్టకుండా, దిగి దండం పెట్టి తప్పించుకుంటూ పోనిచ్చాడు. నడిచి వెళ్ళే కూలీలు వాళ్ళని దాటిపోయారు. పొద్దు కొండ మీదికి వాలిపోతుంటే గవర్రాజు కూర్చున్నచోట కూర్చోలేకపోయాడు. రత్నం ఆయన చెయ్యి పట్టుకుంది. చెయ్యి వనం కిందికి రాదు కాబట్టి సోంబాబు అభ్యంతరం చెప్పలేదు.

పెళ్ళిపందిరి దగ్గర దిగేసరికి మగపెళ్ళివారి బస్సు వచ్చేసి ఉంది. వాళ్ళ పెద్దాయన ఒకాయన అప్పుడే కండువా దులిపి, వంటపాక వైపు చూసి, పొగ రాకపోవడం గమనించి, పక్కనున్నాయనతో ఏదో అన్నాడు. కూర్మారావు పరుగెత్తుకుంటూ వచ్చి గవర్రాజు రెండు చేతులూ పట్టుకున్నాడు. "వొచ్చావా నాయనా, పద పద, కర్పూరం సిద్ధంగా ఉంది."

గవర్రాజు పంచె ఎగ్గట్టి గాడిపొయ్యి దగ్గరికి నడిచాడు. పసుపు పెట్టాడు, కుంకుమ పెట్టాడు. కర్పూరం బిళ్ళ చేతిలోకి తీసుకున్నాడు. సోంబాబు గొంతు సవరించుకున్నాడు.

"ఏటి?" అన్నాడు గవర్రాజు, తెలిసీ తెలియనట్టు.

"వనం లోపలగానీ, సరిహద్దు పక్కనగానీ నిప్పు ముట్టించకూడదండి. ఇది మాత్రం ఎవరూ మార్చలేరు. వనాలు తగలబడిపోతాయండి."

"ఇది కాలు, సోంబాబూ."

"నాకు తెలుసండి. కానీ ఉత్తర్వులో వనం." సోంబాబు గొంతులో నిజమైన బాధ ఉంది. "నా ఉద్యోగం కొత్తదండి. పర్మినెంటు కాలేదు."

గవర్రాజు చేతిలోని కర్పూరం చూశాడు. కూర్మారావు ముఖం చూశాడు. ఆ ముఖం పెద్దమ్మాయి పెళ్ళిలో ఎలా ఉండి ఉంటుందో అలా ఉంది. అవతల మగపెళ్ళివారి పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆయన లేస్తే వెనకాల బస్సంతా లేస్తుంది. గవర్రాజు పళ్ళు బిగించి, కర్పూరం బిళ్ళని రత్నం అరచేతిలో పెట్టాడు.

"వెలిగించు," అన్నాడు.

"నేనా?" అంది రత్నం.

"నువ్వే. నేను ఆ పొలంగట్టు అవతల కూర్చుంటాను. అడవికి నిప్పు తగలకుండా."

అలా మేస్త్రి గవర్రాజు, పేరుమోసిన పెళ్ళివంటల గవర్రాజు, తన వంటపాకకి దూరంగా, కోసిన వరిమడిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కుడికాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని కూర్చున్నాడు. పక్కన సోంబాబు. పెళ్ళికొచ్చిన పిల్లలు చుట్టూ మూగితే, వనంలో గుంపు కూడరాదని సోంబాబు విజిల్ ఊదబోయి, వనంలో విజిల్ కూడా ఊదరాదని గుర్తొచ్చి మానేశాడు.

పాక మీంచి పొగ లేచింది. గవర్రాజు ముక్కు అటే తిరిగింది. తాలింపు వాసన వచ్చింది. ఆవాలు వేగాయి, ఎండుమిరప వేగింది, ఇప్పుడు ఇంగువ పడాలి, పడలేదు, పడలేదు. ఆయన ఫోన్ తీశాడు.

"ఇంగువ," అన్నాడు.

"తెలుసు. పెట్టెయ్యి ఫోను," అంది రత్నం. ఆ మరుక్షణమే ఇంగువ వాసన పొలం దాటి వచ్చింది.

మళ్ళీ చేశాడు. "పులుసులో బెల్లం..."

"నీ పక్కన నిలబడి ఇన్నేళ్ళూ నేనేం చూశాననుకున్నావు, సినిమానా?" అని పెట్టేసింది. తర్వాత ఇంక ఎత్తలేదు. ఆయన కాసేపు అటూ ఇటూ కదిలాడు. చేయడానికి పని లేదు. తిట్టడానికి మనిషి లేడు. చివరికి తల ఎత్తి చూస్తే నక్షత్రాలు కనబడ్డాయి. పెళ్ళి రాత్రుళ్ళలో పైన ఇవి కూడా ఉంటాయన్న సంగతి ఆయనకి ఇన్నాళ్ళూ తెలియదు.

భోజనాల బంతులు లేచాయి. ఎవరూ అలిగి లేవలేదు, తిని లేచారు. మగపెళ్ళివారి పెద్దాయన గుమ్మడికాయ పులుసు మూడోసారి వేయించుకుని, విస్తరి ముందు నుంచి లేవడానికి పక్కవాడి సాయం తీసుకున్నాడు. కూర్మారావు పొలంగట్టు దాకా పరుగెత్తుకొచ్చి, నమస్కారం పెట్టబోతూ బోర్డు చూసి, ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో పెట్టాడు.

రత్నం విస్తరి పట్టుకొచ్చింది. సోంబాబు లేచి నిలబడ్డాడు. "వనంలో ఆహారం..." అని మొదలుపెట్టి, ఆలోచించి, "నోరు వనంలోకి రాదులెండి," అని తనే సర్దుకున్నాడు. అతని విస్తరి కూడా ఆమె తెచ్చింది మరి.

గవర్రాజు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఉప్పు వెతికాడు. కారం వెతికాడు. తప్పు వెతికాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఏటయ్యా, కారమా?" అంది రత్నం కంగారుగా.

"కాదే. పొయ్యి నువ్వంటించినా చెడలేదే అని."

ఆమె ఆయన విస్తట్లో ఇంకాస్త పులుసు వేసింది.

అప్పుడే జలగ రాలింది. కడుపు నిండా పెళ్ళిభోజనం చేసిన చుట్టంలాగా గుండ్రంగా, బరువుగా, ఏ తొందరా లేకుండా రాలింది. సోంబాబు దాన్ని తడి అరిటాకులో పెట్టుకుని, కూర్మారావు బండి మీద వనానికి తీసుకుపోయాడు. అది ఎక్కడ ఎక్కిందో అక్కడే దింపాడని తర్వాత తెలిసింది.

జలగ వెళ్ళిపోయింది గాని ఉత్తర్వు వెళ్ళలేదు. వనంలోకి కొత్త భాగాన్ని కలపడానికి డైరెక్టరుగారి సంతకం చాలు, విడదీయడానికి మాత్రం శాసనసభలో బిల్లు పెట్టాలట. గవర్రాజు రెండుసార్లు ఆఫీసుకి వెళ్ళాడు. సత్యప్రమోదరావుగారు ఆప్యాయంగా కుర్చీ వేయించి, "మా వనములన్నిటిలోను ఆక్రమణలు లేనిది మీదొక్కటే," అని మెచ్చుకున్నారు. ఏటేటా వానాకాలం ముందు సోంబాబు పెయింటు డబ్బాతో వస్తాడు. ఇప్పుడు పర్మినెంటు అయ్యాడు. గీత తిరిగి గీసి, భోంచేసి వెళతాడు. పొయ్యి రత్నమే అంటిస్తోంది, గవర్రాజు గట్టు మీద కూర్చుంటున్నాడు, వాళ్ళ వంటకి ధర పెరిగింది.

మొన్న పొద్దున్నే ఒక పెద్దమనిషి కారేసుకుని వాళ్ళింటికి వచ్చాడు. మంగళవారం. కొడుకు పెళ్ళి, మేస్త్రిగారు వెంటనే వచ్చి స్థలం చూడాలి అన్నాడు. రత్నం గుమ్మంలోనే నిలబడింది. కొత్త చీర, తలలో పూలు, చేతిలో టిఫిన్ క్యారియరు.

"ఇవాళ కుదరదండి. వనాలకి మంగళవారం సెలవు," అంది.

"ఆయన మనిషి కదమ్మా?"

"పైన మనిషేనండి," అంది రత్నం. "కాలు గవర్నమెంటుది. సెలవునాడు తెరిస్తే మాకు మాటొస్తాది."

మధ్యాహ్నానికి ఇద్దరూ భీమిలి ఒడ్డున ఉన్నారు. పాక వెనకాల కాదు, ఎదురుగా. రత్నం చీర కాస్త ఎత్తి పట్టుకుని మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి ఉంది. గవర్రాజు తడి ఇసుక అంచున ఆగిపోయి, పసుపు గీతని చూసుకున్నాడు.

"బయటి నీళ్ళు వనంలోకి రాకూడదే," అన్నాడు.

"సోంబాబు ఉన్నాడా?" అంది.

ఆయన అటూ ఇటూ చూశాడు. "లేడు."

"ఉప్పునీళ్ళయ్యా. రా, జలగలు పట్టవు," అని చెయ్యి చాపింది.